ఇంట పుట్టించిన గాలితో బండి నడపుట: గడ్డకట్టు చలిలో దాని తీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, వారు నానుండి ఆశించినది మన నవబ్రహ్మ దేవాలయములను గూర్చియో, కూడవెల్లి సంగమమును గూర్చియో నాలుగు మాటలని నాకు తెలియును. ఆ విషయములు చెప్పుటకు నాకంటె సమర్థులైన పెద్దలు ఈ వేదికమీదనే యున్నారు. నేను ముప్పదేండ్లు భౌతికశాస్త్రము బోధించినవాడను. నాకు తెలిసినది గాలి, నీరు, నిప్పు. కావున నేడు నేను ఇంట పుట్టించిన గాలితో మోటారు బండి నడపుటను గూర్చి, అందును నీరు గడ్డకట్టునంతటి చలిలో నడపుటను గూర్చి మాట్లాడబోవుచున్నాను.

గడ్డకట్టు చలితో ఆలంపూరునకేమి పని యని కొందరు నవ్వుచున్నారు. నిజమే. పుష్యమాసపు రాత్రి ఆరుబయట పెట్టిన చెంబులోని నీరు తెల్లవారుసరికి మంచుగడ్డ యగుట మన యూర చూచినవా రెవ్వరును ఉండరు. కాని మన యూరి పిల్లలిపుడు మన యూరనే యున్నారా? ఏ యింటికి పోయినను ఒక కొడుకో, కూతురో, మేనల్లుడో మంచు కురియు దేశములో నున్నారు. అక్కడి చలి ఇక్కడి యిండ్లలోనికి టెలిఫోను ద్వారా వచ్చుచున్నది. నాకును అట్లే వచ్చినది.

గడచిన చలికాలములో ఒకనాటి రాత్రి పదిగంటలకు నా పూర్వవిద్యార్థి యొకడు కెనడా దేశములోని ఎడ్మంటన్ నగరమునుండి పిలిచినాడు. పేరు చెప్పను; అతని తలిదండ్రులు ఈ సభలో నున్నారు. బడిలో చురుకైన పిల్లవాడు. ఒక వస్తువును చూచిన వెంటనే దానిని విప్పవలెనని చేతులు దురదపెట్టెడి రకము. అతడు అనిన మాట లివి: "సారూ, దండం. కారుకు నీళ్ళగ్యాసు మిషన్ నేనే చేసి పెట్టిన. ఎండకాలమంతా మంచిగ నడిచింది. ఇప్పుడు సీసాల నీళ్ళు గడ్డకట్టినయి. ఏం కలిపితే గడ్డకట్టదో చెప్పండి సారూ."

ఆ యంత్ర మెట్టిదో ముందు మీకు చెప్పవలెను. అందు రెండు సీసాలుండును. మొదటిదానిలో తుప్పుపట్టని ఉక్కు రేకులు వరుసగా అమర్చి, పొటాషు క్షారము కలిపిన నీరు పోయుదురు. కారు బ్యాటరీ నుండి ఆ రేకులకు విద్యుత్తు నిచ్చినచో నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని యను రెండు వాయువులగును. ఉదజని యనగా మీరు వార్తాపత్రికలలో చదువు హైడ్రోజనే. ఆ రెండు వాయువుల మిశ్రమము ఒక గొట్టము ద్వారా రెండవ సీసాకు పోవును. రెండవ సీసాలో వట్టి నీరుండును. వాయువు ఆ నీటిలో బుడగలు బుడగలుగా లేచి, అచ్చటినుండి యింజను పీల్చు గాలిలో కలియును. రెండవ సీసా ఎందులకనగా, ఒకవేళ యింజనునుండి మంట వెనుకకు పాకి వచ్చినచో, ఆ నీటిదగ్గర అది ఆరిపోవుటకు. అది వీధి గుమ్మము ముందర కూర్చున్న కావలివాని వంటిది.

నేను అతడడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పితిని. వట్టి నీరు సున్న డిగ్రీలకు గడ్డకట్టును. దానిలో ఉప్పుగాని క్షారముగాని కరిగించినకొలది గడ్డకట్టు స్థానము దిగజారును. నూటికి ముప్పది పాళ్ళు పొటాషు క్షారమున్న నీరు సున్నకు దిగువ 50 డిగ్రీల చలిలోను ద్రవముగానే యుండును. ఎడ్మంటనులో ఆ వారము సున్నకు దిగువ 27 డిగ్రీలు. కావున "క్షారము పాలు పెంచుము నాయనా, చేతికి తొడుగులు వేసికొనుము, గాజు సులోచనములు తీయకుము" అని చెప్పి, చక్కని సమాధానము చెప్పితినను తృప్తితో నిద్రపోతిని.

తొమ్మిదవనాడు మరల పిలుపు వచ్చినది. ఈ మారు అతని గొంతు వేరుగా నుండెను. ఉదయమున కారు తాళము త్రిప్పి, గాజులమీది మంచు గీకుటకు దిగినాడట. మొదటి సీసాలోని ద్రవము గడ్డకట్టలేదు. నేను చెప్పినట్లే విద్యుత్తు పారినది, వాయువు పుట్టినది. కాని రెండవ సీసాలోనిది వట్టి నీరు కదా! అది అడుగునుండి మూతవరకు మంచుగడ్డయై బిగిసియున్నది. పుట్టిన వాయువునకు పోవు దారి లేదు. అట్టి యంత్రము నిమిషమునకు లీటరు వాయువు పుట్టించుననుకొనిన, అరలీటరు ఖాళీ గల సీసాలో రెండు మూడు నిమిషములలో ఎంత యొత్తిడి పెరుగునో మన పదవతరగతి పిల్లవాడును లెక్కగట్టగలడు. ముందు మూత చూతమని అతడు వంగునప్పటికి మొదటి సీసా మూత ఎగిరిపోయినది. క్షారజలము గోడమీద, కోటుమీద, ముఖముమీద చింది, ఒక చుక్క సులోచనముల అద్దము మీద పడి నిలిచినదట. అద్దము లేనిచో ఆ చుక్క కంటిలో పడెడిది. ఆ ఘాటు క్షారము కంటిపొరను నిమిషములలో తెల్లబరచును. ఆ సమయమున నిప్పురవ్వ యేదియు లేకుండుట మరియొక భాగ్యము.

ఇందు తప్పు నాది. అతడు "సీసాల నీళ్ళు" అన్నప్పుడు ఏ సీసా యని నేనడుగలేదు. ముప్పదేండ్లు పిల్లలకు ప్రశ్నలు వేసి జీవించినవాడను, వేయవలసిన ఒక్క ప్రశ్న వేయలేదు. ప్రమాదమును ఆపుటకు పెట్టిన సీసాయే చలిలో ముందుగా పనిమాని ప్రమాదమునకు కారణమగునని ఆనాడు నాకు తట్టలేదు. ఆ మరునాడే ఈ గ్రంథాలయమునకు వచ్చి కూర్చుంటిని. ఇంట పుట్టించిన గాలితో బండ్లు నడపిన పూర్వులెవరు, వారు చలిలో ఏమి చేసిరి యని వారము రోజులు చదివితిని. నేటి ఉపన్యాసము ఆ చదువు ఫలితము.

మనలో ఎనుబదేండ్లు దాటినవారు పెద్దలచెంత బొగ్గు బస్సుల సంగతి వినియుందురు. మా నాయనగారు 1943లో ఒకమారు ఎక్కినారు. ఆనాడు మన ఆలంపూరు నైజాము రాష్ట్రమున రాయచూరు జిల్లాలోనిది. ఏటి కావలి కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. నైజాములో రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లోనే 27 బస్సులతో మొదలైయున్నది గాని, మనవారికి పుట్టిలో తుంగభద్ర దాటి కర్నూలు పోవుటయే దగ్గర. యుద్ధకాలమగుటచే పెట్రోలు దొరకదు. దేశమంతటను బస్సులకు వెనుక ఒక యినుప పొయ్యిని తగిలించి బొగ్గు గ్యాసుతో నడపుచుండిరి. మా నాయనగారు కర్నూలులో నందికొట్కూరు బస్సెక్కినారు. బస్సు వెనుక ఒక కుర్రవాడు నిలిచి చేతితో పంకా త్రిప్పుచుండగా బొగ్గు రాజుకొనుటకే పావుగంట పట్టినదట. చిన్న మిట్ట వచ్చినపుడెల్ల మగవారందరు దిగి నడచిరి. ఒకచోట తోసిరి కూడ. "టిక్కెట్టుకు డబ్బిచ్చి బస్సును మేమే మోసుకొనిపోతిమి" అని ఆయన చెప్పి నవ్వెడివారు. దిగునప్పటికి అందరి ముఖములును మసియే.

ఆ పొయ్యిలో జరుగునది వినదగినది. గాలి చాలినంత లేకుండ బొగ్గు మండినచో కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. ఎర్రగా కాలిన బొగ్గుమీద నీటిచుక్కలు గాని, తడిగాలి గాని తగిలినచో నీరు విడిపోయి ఉదజనియు పుట్టును. ఈ రెంటిని చల్లార్చి, వడగట్టి, యింజనులోనికి పంపుదురు. కాని దానిలో సగమునకు పైగా గాలినుండి వచ్చిన నత్రజనియే, నత్రజని మండదు. అందుచేత పెట్రోలుతో నడచు యింజను బొగ్గు గ్యాసుతో నడచినపుడు దాని బలము దాదాపు సగమునకు పడిపోవును. మా నాయనగారిని దించి నడిపించినది ఆ నత్రజనియే. ఒక లీటరు పెట్రోలు చేయు పనికి సుమారు 3 కిలోల ఎండు కట్టె కావలసి యుండెడిదని లెక్క.

ఇందు మనము గుర్తింపవలసిన దొకటి కలదు. బొగ్గు బస్సులోను నీటినుండి ఉదజని పుట్టినది. కాని దాని వెలను బొగ్గు చెల్లించెను. నీరు తనంతట తాను విడిపోలేదు. ఈ మాటకు మరల వత్తును.

మన వేడి దేశములో బొగ్గు బస్సు పడిన బాధ యిట్టిదైన, చలి దేశములలో నెట్లుండెను? ఆ యుద్ధకాలముననే స్వీడను దేశములో 70,000 పైచిలుకు బండ్లు కట్టెతోను బొగ్గుతోను నడచినవి. అచ్చటి చలికాలము మన యూహకందదు. కట్టెలోని తేమ వాయువుతో కూడ వచ్చి, చల్లార్చు గొట్టములలో నీరై దిగును. బండి నిలిపిన రాత్రి ఆ నీటిని విడిచిపెట్టినచో తెల్లవారుసరికి గొట్టము మంచుతో మూసికొనిపోవును. కావున రాత్రి పండుకొనుటకు ముందు ఆ నీటిని తీసివేయుట డ్రైవరునకు సంధ్యావందనము వంటి నిత్యకృత్యము. అంతకంటె ఘోరమైనది మరియొకటి. చలికి ఓర్వలేక జనులు తలుపులు మూసిన కొట్టములోనే పొయ్యి రాజేసిరి. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అట్లు విషవాయువు పీల్చి జబ్బుపడినవారు, ప్రాణములు పోగొట్టుకొనినవారు అనేకులు. చలి స్వయముగా చంపిన దానికంటె, చలికి వెరచి మనిషి మూసికొను తలుపు చంపుటయే యెక్కువ యని నాకు తోచినది. ఎడ్మంటను పిల్లవాడు కూడ ప్రమాదము తరువాత నన్నడిగిన రెండవ ప్రశ్న యేమనుకొన్నారు? "మిషన్‌ను గరేజీ లోపలనే పెట్టి తలుపేసుకుంటే గడ్డకట్టదు గదా సారూ?" అని! ఉదజని విషము కాదు గాని, మూసిన గదిలో గాలితో కలిసినచో నూటికి నాలుగు పాళ్ళున్నను చాలును, అది అంటుకొనును. స్విచ్చి వేసినపుడు కంటికి కనబడని రవ్వ చాలును.

మన యూర అమ్మవారి ఉత్సవములకు వచ్చు బుడగలవారిని మీరందరెరుగుదురు. పైకెగురు బుడగలకొరకు కొందరు పాత యినుప సిలిండరులలో క్షారము, అల్యూమినియము తునకలు వేసి ఉదజనిని తామే పుట్టించుచుందురు. అట్టి సిలిండరులు పగిలి జనులు చనిపోయిన వార్తలు మనదేశపు పత్రికలలో అప్పుడప్పుడు వచ్చుచునే యున్నవి. ఇంట పుట్టించిన ఉదజని మనకు పరాయిది కాదు. పిల్లల చేతిలోని దారమునకు కట్టియే యున్నది. ఈ సంవత్సరము నుండియైనను ఆ సిలిండరులను జనసమ్మర్దమునకు దూరముగా పెట్టింపుమని దేవస్థానమువారిని కోరుచున్నాను.

ఇక అసలైన ఉదజనితో, అసలైన గడ్డకట్టు చలిలో, చేతిపనిగా బండ్లు నడపిన చరిత్ర ఒకటి కలదు. అది రష్యాలోని లెనిన్‌గ్రాడు నగరము కథ. 1941లో జర్మను సేనలు ఆ నగరమును చుట్టుముట్టినవి. శత్రువిమానములు క్రిందుగా ఎగురకుండ నగరముపైన ఉదజని నింపిన పెద్ద పెద్ద బెలూనులను ఎగురవేసెడివారు. వాటిని దించుటకు లారీలమీద చక్రపు యంత్రములుండెను. ముట్టడి బిగిసినకొలది పెట్రోలు తరిగిపోయినది. బెలూనులలోని ఉదజనిలో గాలి కలిసి పాడైనపుడు దానిని ఊరక వదలివేయుట వాడుక. బోరిస్ షెలిష్చ్ అను సైనిక సాంకేతికోద్యోగికి ఆ వదలివేయు వాయువును లారీ యింజనులోనికి పంపవచ్చునను ఊహ కలిగినది. పంపినాడు, యింజను తిరిగినది. కాని మంట వెనుకకు పాకి వాయువు ప్రేలినది. అతడు గాయపడినాడు. అప్పుడతడు వాయువు వచ్చు దారిలో నీటి అడ్డుకట్ట నమర్చినాడు. మన పిల్లవాని రెండవ సీసాయే! ఆ పిమ్మట లెనిన్‌గ్రాడులో అనేక లారీ యింజనులు ఉదజనితో నడచినవి. ఆ చలికాలము ఆ నగరములో సున్నకు దిగువ 30 డిగ్రీల వరకు దిగజారిన దినములు కలవు.

చలికి ఉదజని యేల వెరవలేదని మీకు సందేహము కలుగవచ్చును. ఉదజని సున్నకు దిగువ 253 డిగ్రీలకు గాని ద్రవము కాదు. ఎడ్మంటను చలి దానికి మన వైశాఖమువంటిది. పెట్రోలు చలిలో ఆవిరి కాక మొండికేయును గాని, ఉదజని ముందే వాయువు గనుక గాలితో సులభముగా కలియును. వచ్చిన చిక్కంతయు నీటితోనే. నీరు గడ్డకట్టినపుడు దాని పరిమాణము నూటికి తొమ్మిది పాళ్ళు పెరుగును. సీసా పగులును, గొట్టము చీలును. మొదటి సీసాలోని ద్రవము గడ్డకట్టకున్నను, చలికి విద్యుత్తు మందముగా పారును. అందుచేత వాయువు తగ్గును. యింజను వేడెక్కిన పిదప ఆ విద్యుత్తే అదుపుతప్పి పెరుగును. వాయువుతో కూడ వచ్చు తేమ గొట్టము వంపులలో దూదివంటి మంచై పేరుకొనును. ఇవన్నియు రెండవ సీసా గడ్డకట్టుటకు తోడు.

రెండవ సీసాలో సారాయి కలిపిన గడ్డకట్టదని కొందరు చెప్పుదురు. గడ్డకట్టదు, నిజమే. కాని దాని ఆవిరియు యింజనులోనికి పోయి మండును. యజమాని "మైలేజీ పెరిగినది" అని సంతోషించును. తాగుబోతు ఎద్దు రెండడుగులు వేగముగా వేసినట్లుండునది. పైగా మంటను ఆర్పవలసిన సీసాలో మండు ద్రవమును పోయుట యెట్టి తెలివి! వేడి తీగ చుట్టవచ్చునని మరికొందరు. ఆ దేశములో రాత్రి కారును విద్యుత్తునకు తగిలించి యింజనును వెచ్చగా నుంచు సాధనము లెటులును కలవు. వాటితో ఈ సీసాలనుగూడ వెచ్చబెట్టవచ్చును. అది పనిచేయును. కాని ఆ వెచ్చదనమునకు కరెంటు బిల్లు ఎవరు కట్టుదురు? ఇక్కడనే మనము అసలు లెక్కకు రావలసి యున్నది.

లెక్కలన్న వెరపుగలవారు రెండు నిమిషములు ఓపిక పట్టుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు ఒక చిన్న కారు గంటకు సుమారు 3.6 లీటర్ల పెట్రోలు త్రాగుననుకొందము. ఆ పెట్రోలులోని శక్తి 32,000 వాట్లకు సమానము. మన రెండు సీసాల యంత్రము 12 వోల్టుల బ్యాటరీ నుండి 20 ఆంపియర్లు తీసికొనును. అనగా 240 వాట్లు. దానిలో వేడిగా పోవునది పోగా, పుట్టిన ఉదజనిని మండించిన వచ్చునది సుమారు 150 వాట్లు. యింజను త్రాగు శక్తిలో అది 200వ వంతు. పోనిండు, ఉడుతాభక్తిగా అంతయైనను లాభమే కదా యందురు. కాని ఆ 240 వాట్లు ఎక్కడినుండి వచ్చెను? బ్యాటరీని నింపు డైనమో నుండి. డైనమోను త్రిప్పునది యింజను. యింజను పెట్రోలులోని శక్తిలో నాలుగవ వంతునే పనిగా మార్చును. డైనమో ఆ పనిలో సగము కంటె కొంచెమెక్కువను విద్యుత్తుగా మార్చును. వెనుకకు లెక్కించి చూచినచో 240 వాట్ల విద్యుత్తునకు 1,700 వాట్ల పెట్రోలు మండవలెను. 1,700 పెట్టి 150 తెచ్చుకొనుట! మన యూరి షావుకారులలో ఇంతకంటె నష్టపు బేరము చేసినవారిని నేనెరుగను.

మరి ఎండకాలమంతయు "మంచిగ నడిచింది" అన్నాడే యందురా? యంత్రము పెట్టిన మొదటినాటి నుండి అతడు బండిని నెమ్మదిగా నడపినాడు, పెట్రోలు పోసినపుడెల్ల లెక్క వ్రాసినాడు. అట్లు నడపిన ఏ బండియైనను కొంత పొదుపు చూపును. ఆ పొదుపు అతని కాలిది, సీసాది కాదు. నేను ఈ మాట చెప్పినపుడు అతడు చాలసేపు మాటాడలేదు. పిదప తీగ ఊడదీసి, అదే తీరున రెండు వారములు నడపి చూచి, లెక్క పంపినాడు. తేడా కనబడలేదు. ఆ నిజాయితీకి నేను సంతోషించితిని. పెద్ద పెద్దవారికే అది లేకపోయినది. అమెరికాలో స్టాన్లీ మేయర్ అను నతడు నీటితో కారు నడపితినని చెప్పి ధనము సేకరింపగా, 1996లో ఒహాయో రాష్ట్రపు న్యాయస్థానము అది ఘోరమైన మోసమని తీర్మానించి డబ్బు తిరిగి యిప్పించినది.

అయినచో ఉదజని బండి అబద్ధమా? కాదు. 1807లోనే స్విట్జర్లండువాడైన ఫ్రాన్స్వా ఐజాక్ ద రివాజ్ అనునతడు ఉదజనితో పనిచేయు యింజనునకు హక్కుపత్రము పొందెను. పెట్రోలు బండికంటె పాతది ఈ యూహ. నేటి సంగతియు చెప్పెదను. మన రామగుండములో విద్యుత్కేంద్రము నడపు ఎన్.టి.పి.సి. సంస్థవారు లడఖ్‌లోని లేహ్ పట్టణమున, సముద్రమట్టమునకు 11,562 అడుగుల యెత్తున, ఉదజని బస్సులను ప్రవేశపెట్టిరి. మొదటి బస్సు పరీక్షకొరకు 2023 ఆగష్టులో అచ్చటికి చేరినది. ఆ బస్సుకొరకు ఉదజనిని పుట్టించుటకు 1.7 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నిర్మించిరి. చూడుడు, నీటిని విడదీయు పని బస్సుమీద పెట్టలేదు, సూర్యునిమీద పెట్టిరి. లెనిన్‌గ్రాడు లారీకి బెలూను ఉదజని నిచ్చెను. బొగ్గు బస్సునకు బొగ్గు వెల చెల్లించెను. మూడింటికిని బయటినుండి పెట్టుబడి పెట్టినవా రొకరున్నారు. రెండు సీసాల యంత్రమునకు అట్టివారు లేరు. దాని ఆకలి యింజనే తీర్చవలెను.

లేహ్ బస్సులో ఉదజని మండదు. ఆమ్లజనితో మెల్లగా కలిసి విద్యుత్తునిచ్చును, నీరు మిగులును. ఆ నీరు గడ్డకట్టినచో దాని పలుచని పొరలు చిరుగును. అందుచేత ఇట్టి బండ్లను నిలుపునపుడు లోపలి తడిని గాలితో ఊది వెడలగొట్టుదురు. జపానువారి మిరాయ్ అను కారు సున్నకు దిగువ 30 డిగ్రీలలోను బయలుదేరునట్లు చేయబడినది. స్వీడను డ్రైవరు రాత్రివేళ గొట్టము నీరు తీసిన నిత్యకృత్యమే ఇక్కడ యంత్రము తానే చేయుచున్నది.

ఇపుడు మన యూరి మాట. ఆ ఎడ్మంటను పిల్లవాని తమ్ముడు మన చౌరస్తాలో మెకానిక్కు దుకాణము నడపుచున్నాడు. అన్న పంపిన బొమ్మలు చూచి, ఆటోలకు, ట్రాక్టర్లకు ఇట్టి యంత్రములు చేసి యమ్మవలెనని అప్పు తెచ్చి ఉక్కు రేకులు కొన్నాడు. నలుగురివద్ద బయానా తీసికొన్నాడు. నేను దుకాణమునకు పోయి పై లెక్కయంతయు అతని బల్లమీద సుద్దతో వ్రాసితిని. "సారూ, మీరు చెప్పేది పుస్తకంల మాట. నాకు వడ్డీ కట్టాల్సింది బయట" అన్నాడు. అతని కోపము న్యాయమైనదే. రేకులమీద పెట్టిన డబ్బు నా లెక్కవలన తిరిగి రాదు. మరునాడు అతడే వచ్చి, నలుగురిలో ఇద్దరికి బయానా తిరిగి యిచ్చితినని, మిగిలిన ఇద్దరికి పంట వచ్చిన పిదప యిత్తునని చెప్పినాడు. ఆ ఇద్దరును ఈ సభలోనే యున్నారు. తొందరపెట్టవద్దని వారిని నేను బహిరంగముగా కోరుచున్నాను. చేసిన ఒక్క యంత్రమును మన ఉన్నత పాఠశాల ప్రయోగశాల కొరకు వెలకట్టి కొనుటకు నేనును ఇద్దరు మిత్రులును చందా వేసికొంటిమి. నీటిని విడదీసి చూపుటకు అంతకంటె మంచి సాధనము ఆ బడిలో ఇంతకుముందు లేదు. దానికి బండి నడపు పని తప్ప మిగిలినవన్నియు వచ్చును.

సభ ముగిసిన పిదప ఆ యంత్రమును అతడే నడపి మీకు చూపును. గ్రంథాలయము వెనుక వేపచెట్టు క్రింద బల్లవేసి పెట్టించితిమి. గరిటెడు సబ్బునురుగులో ఆ వాయువు నింపి, పొడుగాటి కర్రకొసన నిప్పు పెట్టి ముట్టించును, చిన్న చప్పుడగును. గరిటెడే, అంతకు మించి వద్దని అతనికి గట్టిగా చెప్పితిని. చుట్టలు, బీడీలు కాల్చువారు ముందుగా ఆర్పి రావలెను. పిల్లలను బల్లదగ్గరకు రానీయకుడు. ఇరువది అడుగుల దూరమునుండి చక్కగా కనబడును, వినబడును.